వేసవి సెలవులకు ఇల్లు తాళం వేసి వెళ్తున్నాము: మెయిన్ ఆపాలా, ఉంచాలా?

మల్లెపందిరి (నాచారం, హైదరాబాదు):

అందరికీ నమస్కారం. మే మూడో వారంలో మేము ఇల్లు తాళం వేసి రెండు వారాలకు పైగా ఉత్తరాదికి వెళ్తున్నాము. డెహ్రాడూన్ వరకు విమానంలో వెళ్ళి, అత్తగారి కోరిక మేరకు హరిద్వారం, ఋషీకేశం చూసుకుని, ఆ తరువాత పిల్లల కోసం ముస్సోరీలో కొన్నాళ్ళు ఉండి రావాలన్నది ఆలోచన. టిక్కెట్లూ బసా అన్నీ కుదిరాయి. ఇంటి సంగతి, ఇంట్లోవారి సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

మాది అద్దెకున్నవారెవరూ లేని ఒంటి అంతస్తు ఇల్లు. కింద సంపు, మేడమీద ప్లాస్టిక్ ట్యాంకు, నీళ్ళు తగ్గితే తనంతట తానే తిరిగే మోటారు, ఒక ఇన్వర్టరు, నాలుగు సీసీ కెమెరాలు ఉన్నాయి. ఒక పక్క ఏళ్ళ తరబడి పరిచయమున్న కుటుంబం ఉంది, రెండో పక్క ఖాళీ స్థలంలో ఈ మధ్యనే పునాదులు తీస్తున్నారు కాబట్టి రోజూ కొత్త మనుషులు వస్తూ పోతూ ఉంటారు. మా వారు మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్తే నిశ్చింతగా ఉంటుందని అంటున్నారు. మెయిన్ కట్టేస్తే కెమెరాలు ఎందుకు పెట్టించుకున్నట్లని నా వాదన. ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నట్లే అనిపిస్తోంది గనుక తెలిసినవారిని అడుగుదామని ఇక్కడ రాస్తున్నాను.

మరో రెండు విషయాలు కూడా ఉన్నాయి. అత్తగారికి మధుమేహం, రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటారు. ఆ ఎండల్లో, ప్రయాణంలో దాన్ని ఎలా కాపాడుకోవాలో, ఇంటి ఫ్రిజ్‌లో మిగిలిపోయే సీసాలను ఏమి చేయాలో తెలియడం లేదు. మామగారికి మోకాళ్ళు సహకరించవు, జ్ఞాపకశక్తి కూడా ఈ ఏడాది కొంత తగ్గింది. అందుకని ఆయన్ను హనుమకొండలో ఉన్న మా ఆడపడుచు ఇంట్లో దించి వెళ్దామనుకుంటున్నాము. మేము విమానం ఎక్కే ముందు రోజు దించితే సరిపోతుందా, ముందే పంపాలా అన్నది కూడా ఆలోచనే. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.


ఫ్యూజు క్యారియర్:

అమ్మా, నేను విద్యుత్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ ఇద్దరి వాదనా సగం సగం సరైనదే. మెయిన్ మొత్తం ఆపవలసిన పని లేదు, మొత్తం ఉంచవలసిన పని కూడా లేదు. మీ డిస్ట్రిబ్యూషన్ బోర్డులో వరుసగా ఉన్న ఎంసీబీలు అనే చిన్న స్విచ్‌లు సరిగ్గా ఇటువంటి అవసరం కోసమే ఉన్నాయి. ఏ ఎంసీబీ దించితే ఏ గది ఆగుతుందో ఒకసారి మీ వారిని ఇంట్లో తిరిగి చూసుకోమనండి, చూసినదాన్ని స్కెచ్ పెన్నుతో బోర్డు తలుపు లోపలివైపు రాయించండి. ఆ తరువాత గీజర్లు, ఏసీలు, వంటింటి ప్లగ్గులు, వాషింగ్ మెషీన్, మోటారు ఇవన్నీ దించేసి, కెమెరాల రికార్డరు, వైఫై రౌటరు, ఇన్వర్టరు ఉన్న లైను ఒక్కటి పైకి ఉంచి వెళ్ళండి.

ఇన్వర్టరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మెయిన్ ఆపి వెళ్ళేవారు చాలామంది ఇక్కడే నష్టపోతారు. మీరు మెయిన్ దించగానే ఇన్వర్టరుకు అది మీరు దించిన సంగతి తెలియదు, కరెంటు పోయిందనే అనుకుంటుంది. వెంటనే బ్యాటరీ నుంచి రౌటరుకూ, కెమెరాలకూ, మరిచిపోయి వదిలేసిన ఫ్యానుకూ సరఫరా మొదలుపెట్టి, ఒకటి రెండు రోజుల్లో బ్యాటరీని అడుగంటా ఖాళీ చేసి ఆగిపోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అలా ఖాళీ అయిన స్థితిలో రెండు వారాలు పడి ఉంటే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, మీరు తిరిగి వచ్చి ఎంత ఛార్జి చేసినా మునుపటి బలం రాదు. అందువల్ల మెయిన్ పూర్తిగా ఆపదలచుకుంటే బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే ఇన్వర్టరును కూడా ఆపాలి. మెయిన్ ఉంచదలచుకుంటే ఇన్వర్టరుకు వచ్చే లైను తప్పకుండా ఉండాలి. మీ విషయంలో రెండోదే మేలు, ఎందుకంటే మే నెలలో సాయంత్రం గాలివానలకు కరెంటు పోవడం మామూలే, కెమెరాలు ఆ సమయంలో కూడా పనిచేయాలి. బయలుదేరే ముందు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ గీత వరకు ఉందో లేదో చూడండి. బ్యాటరీ పెట్టిన చోట గాలి ఆడాలి, కిటికీలన్నీ బిగించి వెళ్ళే హడావుడిలో ఆ ఒక్క వెంటిలేటరును కూడా అట్టముక్కతో మూసేయకండి.

మోటారు ఆటోమేటిక్ అన్నారు, దాన్ని తప్పనిసరిగా ఆపండి. సంపులో నీళ్ళు లేవని చెప్పవలసిన ఫ్లోట్ ఇరుక్కుపోతే మోటారు వట్టిగా తిరిగి కాలిపోతుంది. పై ట్యాంకు నిండిందని చెప్పవలసినది ఇరుక్కుపోతే, సంపులో ఉన్న నీళ్ళన్నీ మేడమీద నుంచి వీధిలోకి పారుతాయి. వీధిలోకి పారే నీళ్ళు ఇంట్లో ఎవరూ లేరని ఊరంతటికీ చెబుతాయి. సంపుకు వచ్చే నల్లా వాల్వును కూడా కట్టేయండి.

మేడమీద రెండు పనులు ఉన్నాయి. ప్లాస్టిక్ ట్యాంకు మూతను తాడుతోనో బైండింగు వైరుతోనో కట్టండి, ఈదురుగాలికి ఆ మూతలు నాలుగిళ్ళ అవతల దొరికిన సందర్భాలు నాకు తెలుసు. వాన నీరు పోయే గొట్టం నోటి దగ్గర వేపాకులు, ప్లాస్టిక్ కవర్లు ఉంటే తీసేయండి. అక్కడ గుప్పెడు ఆకులు అడ్డంపడినా, ఒక్క పెద్ద వానకే స్లాబు మీద బెత్తెడు నీళ్ళు నిలిచి, మీరు వచ్చేసరికి పడకగది కప్పు మీద తడి మరక కనిపిస్తుంది.

టీవీకి వచ్చే ప్లగ్గు, డిష్ కేబులు రెండూ ఊడదీయండి. పిడుగు పడినప్పుడు స్విచ్ ఆపి ఉండడం సరిపోదు, తీగ విడిపోయి ఉండాలి. ఇక ఫ్రిజ్ సంగతి. మీ బోర్డులో ఆర్‌సీసీబీ అనే పెద్ద స్విచ్ ఉండి ఉంటుంది. ఎక్కడో కొంచెం తేమ చేరి కరెంటు లీకయినా, ఒక్కోసారి దగ్గరలో పిడుగు పడినా అది పడిపోతుంది, మళ్ళీ చేత్తో ఎత్తేవరకు లేవదు. ఎత్తడానికి ఇంట్లో ఎవరూ లేనప్పుడు నిండా సరుకులున్న ఫ్రిజ్‌ను నడిపించి వెళ్ళడం కంటే, ఖాళీ చేసి, ఆపి, కడిగి తుడిచి, తలుపును గుడ్డముక్క అడ్డంపెట్టి ఓరగా తెరిచి ఉంచి వెళ్ళడం మంచిది. వెనుకవైపు కింద నీళ్ళు చేరే పళ్ళెం ఒకటి ఉంటుంది, దాన్ని కూడా ఒంపేయాలి.


మందుల చీటి:

నేను మందుల షాపు నడుపుతున్నాను. ఇన్సులిన్ గురించి అడిగారు కాబట్టి అంతవరకే రాస్తాను.

మీ ఫ్రిజ్ ఆపుతున్నారంటే మూత తీయని సీసాలకు వేరే చోటు చూడాలి. వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి గనుక మీ పక్కింటివారి ఫ్రిజ్‌లో, తలుపు అరలో కాకుండా లోపలి అరలో, అత్తగారి పేరు రాసిన డబ్బాలో పెట్టించండి. ఫ్రీజరుకు ఆనుకుని పెట్టనివ్వకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగిన తరువాత చూడడానికి ఎప్పటిలాగే ఉండవచ్చు, పనితనం మాత్రం ఉండదు, పారేయవలసిందే. ఫ్రిజ్ మీ ఇంట్లోనే నడపాలనుకుంటే ఒక పాత ఉపాయం ఉంది. గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి, ఆ మంచు మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజరులో ఉంచి వెళ్ళండి. వచ్చాక బిళ్ళ మంచులో కిందికి దిగిపోయి కనిపిస్తే, మీరు లేనప్పుడు చాలాసేపు కరెంటు లేదని, మళ్ళీ వచ్చాక నీళ్ళు గడ్డకట్టాయని అర్థం. అప్పుడు ఆ సీసాలను నమ్మకండి.

వాడకంలో ఉన్న సీసా లేదా పెన్నును ఫ్రిజ్‌లోనే పెట్టాలన్న నియమం లేదు. చాలా రకాలు 30 డిగ్రీలకు మించని చోట దాదాపు నాలుగు వారాలు నిలుస్తాయి. కచ్చితమైన గడువు దానితో వచ్చే కాగితం మీద ఉంటుంది, అది చూసుకోండి. మే నెలలో హరిద్వారంలో పగటి వేడి 30 కంటే చాలా ఎక్కువ కాబట్టి నీళ్ళలో తడిపితే చల్లగా ఉండే ఇన్సులిన్ పౌచ్ ఒకటి కొనండి. ఐసు ముక్కల సంచిలో నేరుగా పెట్టకండి. విమానంలో మొత్తం మందు చేతి సంచిలోనే ఉండాలి, సామానులో వేస్తే కింద అరలో గడ్డకట్టే ప్రమాదం ఉంది, పెట్టె తప్పిపోయే ప్రమాదం దానికి అదనం. సూదులు, సిరంజీలు కూడా ఉంటాయి గనుక డాక్టరు చీటీ దగ్గర పెట్టుకోండి. ఆ చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకోండి, ఇక్కడ దొరికే కంపెనీ అక్కడి దుకాణంలో దొరకకపోవచ్చు. మందుల్లో కొంత అత్తగారి సంచిలో, కొంత మీ సంచిలో విడివిడిగా ఉంచండి.

ప్రయాణాల్లో నేను ఎక్కువగా భయపడేది చక్కెర పెరగడం గురించి కాదు, పడిపోవడం గురించి. ఇంట్లో అలవాటుగా ఏడున్నరకు సూది వేసుకుని ఎనిమిదికి ఇడ్లీ తినే మనిషి, ప్రయాణంలో కూడా ఏడున్నరకే వేసుకుంటారు, ఫలహారం మాత్రం తొమ్మిదిన్నరకు గానీ దొరకదు. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ అయితే విస్తరి కళ్ళముందుకు వచ్చాకే వేసుకోమనండి. చెమటలు, వణుకు, కంగారు కనిపించి, మీటరులో 70 కంటే తక్కువ చూపిస్తే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు లేదా పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి, పావుగంట తరువాత మళ్ళీ చూడండి. మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ సంగతి మీకు ఒక్కరికే తెలిసి ఉంటే చాలదు, మీ పెద్దపిల్లకు ఊహ తెలిసే వయసైతే ఆమెకూ నేర్పండి.

ఇంకొకటి. స్నాన ఘట్టాల దగ్గర చెప్పులు విప్పి నడవాలి. మధ్యాహ్నం ఆ రాళ్ళు కాలిన పెనంలా ఉంటాయి, ఏళ్ళుగా మధుమేహమున్నవారి పాదాలకు ఆ వేడి తెలియదు. బొబ్బ లేచాక చూసుకుంటారు, అది పుండై నెలల తరబడి మానదు. స్నానం తెల్లవారుజామునే పెట్టుకోండి, నూలు మేజోళ్ళు వెంట తీసుకెళ్ళండి, రాత్రి పడుకునే ముందు ఆవిడ అరికాళ్ళు మీరే ఒకసారి చూడండి.


గోదారి గట్టు (రాజమహేంద్రవరం):

పైన పెద్దలు కరెంటు గురించీ మందుల గురించీ చెప్పారు కాబట్టి నేను వంటింటి సంగతి చెబుతాను. గ్యాసు రెగ్యులేటరు ఆపడమే కాదు, దాన్ని సిలిండరు నుంచి తీసేసి తెల్ల మూత బిగించండి. తాళం మీ పక్కింటివారికి ఇస్తారు గదా, ఎప్పుడైనా గ్యాసు వాసన వస్తే స్విచ్ వేయకుండా, కిటికీలు తెరిచి, 1906కు ఫోను చేయమని వారికి చెప్పి ఉంచండి.

వెళ్ళే వారం ముందు నుంచీ కొత్త కూరగాయలు కొనకుండా ఉన్నవాటితో నెట్టుకురండి. చివరి రోజుకు ఎలాగూ పెరుగన్నం, ఆవకాయ మిగులుతాయి, బయలుదేరే రోజు అంతకంటే మంచి భోజనం ఉండదు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, చింతపండు సంగతి మరిచిపోవద్దు. గంపలో అడుగున ఉన్న ఒక్క ఉల్లిపాయ కుళ్ళిందంటే మీరు తలుపు తీసేసరికి ఇల్లు ఇల్లంతా అదే వాసన. బియ్యం డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలు, వేపాకు వేయండి. చెత్తబుట్ట మాత్రం ముందు రోజు రాత్రే కాకుండా బయలుదేరే పూట కూడా ఖాళీ చేయాలి, ఖాళీ పాల ప్యాకెట్టు నుంచి పిల్లలు తిన్న అరటిపండు తొక్క వరకు అన్నీ ఆఖరి గంటలోనే చేరతాయి.

స్నానాల గదుల్లో నీళ్ళు పోయే జాలీల కింద వంపు తిరిగిన గొట్టంలో ఎప్పుడూ కొన్ని నీళ్ళు నిలిచి ఉంటాయి, మురుగు వాసననూ బొద్దింకలనూ పైకి రానివ్వనివి అవే. ఎండాకాలంలో రెండు వారాలు ఎవరూ నీళ్ళు పోయకపోతే అవి ఆవిరైపోతాయి. వెళ్ళేముందు ఒక చెంబెడు నీళ్ళు పోసి, జాలీ మీద పాలిథిన్ కాగితం వేసి దాని మీద ఇటుక పెట్టండి. ఎయిర్ కూలరు ఉంటే తొట్టి ఒంపి, గడ్డి పలకలు ఎండబెట్టండి. దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. పూలకుండీల కింది పళ్ళేలు కూడా అంతే.

తులసి కోటను కదపలేరు. కుండీలో ఉన్న తులసినీ, మీ పేరులో ఉన్న మల్లెనూ మిగతా కుండీలతో కలిపి ఉదయం ఎండ మాత్రమే తగిలే మూలకు చేర్చి, మట్టి మీద కొబ్బరి పీచు కప్పండి. బక్కెట్టు నిండా నీళ్ళు ఎత్తుగా పెట్టి, పాత నూలు చీర పీలికలను ఒక కొస నీళ్ళలో, ఒక కొస మట్టిలో దోపితే నాలుగైదు రోజుల తడి ఉంటుంది. ఆ మీదట ఎవరో ఒకరు వచ్చి బక్కెట్టు నింపాలి, దానికి వేరే మార్గం లేదు.

దేవుడి గదిలో పూలు, నైవేద్యం తీసేసి, దీపం కొండెక్కిన తరువాతే తలుపు వేయండి. మంచి ముహూర్తంలో దీపం వెలిగించి అలాగే వదిలి వెళ్ళడం భక్తి అనిపించుకోదు. మా ఇంట్లో మా అత్తగారి కాలంలో ప్రయాణం రోజున ముహూర్తం కుదరకపోతే, కుదిరిన రోజున ఒక సంచి సర్ది పక్కింట్లో పరస్తానం పెట్టేవారు. శాస్త్రం మాట ఎలా ఉన్నా, కనీసం ఒక పెట్టె అయినా ముందు రోజుకే సర్దడం అయిపోయేది.


బెజవాడ బాబాయి:

మా ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా పెట్టే ఏర్పాటు తెచ్చారు. వారి యాప్‌లో నమోదు చేసుకుని ఫలానా రోజుల్లో ఊళ్ళో ఉండబోమని చెబితే, వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు, లోపల కదలిక ఉంటే వారికి సమాచారం వెళుతుంది, దీనికి డబ్బు తీసుకోరు. తెలంగాణలో పండుగలకూ సెలవులకూ ఊళ్ళకు వెళ్ళేవారు స్థానిక స్టేషన్‌లో చెప్పి వెళ్ళాలని పోలీసులు కోరుతూనే ఉంటారు. మీరు మీ స్టేషన్‌కు స్వయంగా వెళ్ళి చిరునామా, తేదీలు, పక్కింటివారి ఫోన్ నంబరు రాసిచ్చి రండి. రాత్రి గస్తీ బండి మీ వీధిలో రెండుసార్లు తిరిగినా లాభమే.

బయట గేటుకు అరచేయంత తాళం వేలాడదీయడం వల్ల ప్రయోజనం లేదు, ఇంట్లో మనుషులు లేరని చెప్పే బోర్డు అది. గేటుకు లోపలి వైపు నుంచి తాళం పడేలా చూసుకోండి, ముఖద్వారానికి సెంటర్ లాక్ వేసి పరదా వేయండి. గుమ్మం ముందు చెప్పుల జత ఉంచండి. పాల ప్యాకెట్లు, పేపరు ఆపించడం అందరికీ గుర్తుంటుంది, ఆన్‌లైన్‌లో పెట్టిన సరుకులు మాత్రం గుర్తుండవు. డెలివరీ అబ్బాయి గేటు మీదుగా విసిరిన పార్సిల్ వారం రోజులు వాకిట్లో పడి ఉంటే పునాదుల పనికి వచ్చేవారిలో ఎవరో ఒకరు గమనించకపోరు. నేను కూలీలను అనుమానించమని చెప్పడం లేదు. మేస్త్రీతో మీ వారు ఒకసారి ముఖపరిచయం చేసుకుని, పక్కింటివారు రోజూ వచ్చి చూస్తారని చెబితే చాలు.

వరండాలో లైటు ఒకటి వేసి వెళ్ళండి.

బంగారాన్ని బీరువాలో బట్టల మధ్య కాకుండా బ్యాంకు లాకరులో పెట్టి, పెట్టిన వస్తువుల జాబితా ఫోటోలతో సహా మీ దగ్గర ఉంచుకోండి. లాకరులో ఏమున్నదో బ్యాంకుకు తెలియదు. వారి వైపు దొంగతనమో, అగ్నిప్రమాదమో, సిబ్బంది మోసమో జరిగినా రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం వారి బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. ఇంటికి బీమా ఉంటే పాలసీ కాగితం చదవండి, ఇల్లు కొన్ని రోజులకు మించి ఖాళీగా ఉంటే దొంగతనానికి పరిహారం ఇవ్వమనే షరతు కొన్నింటిలో ఉంటుంది. ముస్సోరీ ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే పని తిరిగి వచ్చాక చేయమని పిల్లలకు చెప్పండి. నా అనుభవంలో పిల్లల కంటే పెద్దలకే ఈ మాట ఎక్కువసార్లు చెప్పవలసి వస్తుంది.


ఫ్యూజు క్యారియర్:

బాబాయి గారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. పగలూ రాత్రీ వెలిగే వరండా లైటు, గేటుకు వేలాడే తాళం రెండూ ఒకే మాట చెబుతాయి. చీకటి పడగానే వెలిగి తెల్లవారగానే ఆరిపోయే సెన్సర్ బల్బు బజారులో దొరుకుతుంది, మామూలు హోల్డరులోనే పెట్టవచ్చు. అది ఒకటి వరండాలో, వీలైతే ఒకటి లోపలి గదిలో కిటికీ దగ్గర పెట్టండి. వాటి ఎంసీబీ పైకి ఉండాలని వేరే చెప్పనవసరం లేదు.


ఓరుగల్లు వాకిలి:

అమ్మా, మీ ప్రశ్నలో ఆఖరున రాసిన మామగారి సంగతికి ఎవరూ జవాబు ఇవ్వలేదు. నాకు అదే అన్నింటికంటే ముందు తేల్చుకోవలసినదిగా కనిపిస్తోంది. మా నాన్నగారికి మతిమరుపు మొదలైన తరువాత ఆయన్ను అన్నదమ్ముల ఇళ్ళ మధ్య తిప్పవలసి వచ్చింది కాబట్టి కొంత తెలుసు.

ముందు రోజు దించి వెళ్ళవద్దు. జ్ఞాపకం తగ్గుతున్న మనిషికి సొంత ఇల్లు సగం జ్ఞాపకం. స్నానాల గది ఎటు ఉందో, మంచినీళ్ళ బిందె ఎక్కడ ఉందో ఆయన ఆలోచించి గుర్తు చేసుకోవడం లేదు, కాళ్ళే తీసుకుపోతున్నాయి. కొత్త ఇంట్లో ఆ కాళ్ళకు దారి తెలియదు. మొదటి రెండు మూడు రాత్రులు కష్టంగా గడుస్తాయి. పొద్దుగూకే వేళకు ఇంటికి పోదామని అంటారు, అర్ధరాత్రి లేచి ఎడమవైపు తిరగబోయి గోడకు తగులుతారు. ఆ రాత్రులు గడిచేవరకు మీ వారు కూడా హనుమకొండలోనే ఉండడం మంచిది. మీరు ప్రయాణానికి వారం ముందే ఆయన్ను తీసుకెళ్ళి, మీ వారిని అక్కడ కొన్నాళ్ళు ఉంచితే, తరువాత ఆయన వెళ్ళిపోయినా పెద్దాయనకు ఆ ఇల్లు కొంత అలవాటై ఉంటుంది.

బట్టలతో పాటు ఆయన దిండు, దుప్పటి, చేతికర్ర, రోజూ తాగే గ్లాసు, పంచాంగమో రేడియోనో ఏది దగ్గర పెట్టుకుంటారో అది పంపండి. కొత్తవి కొనివ్వవద్దు. మంచం నుంచి బాత్రూము వరకు రాత్రంతా చిన్న లైటు వెలగాలి, దారిలో కాళ్ళకు తగిలే కాలిపట్టలు తీసేయాలి. మీ ఆడపడుచు ఇంటి తలుపుకు ఆయన చేయి అందనంత ఎత్తులో ఒక గడియ ఉంటే మంచిది. చొక్కా జేబులో పేరు, హనుమకొండ చిరునామా, రెండు ఫోన్ నంబర్లు రాసిన కార్డు ఉండాలి. ఆయనకు మీ నాచారం చిరునామా నోటికి వచ్చి ఉంటుంది. బయట ఎవరైనా అడిగితే అదే చెబుతారు, వారు అక్కడికి తీసుకెళ్తే తాళం వేసిన ఇల్లే దొరుకుతుంది.

మందుల విషయంలో మీ ఆడపడుచుకు చీటీ ఫోటో పంపి ఊరుకోకండి. ఆవిడ ముందు కూర్చుని ఏ మాత్ర ఏ పూట అన్నది రంగుతో సహా చూపించండి, వారం రోజుల గళ్ళ డబ్బాలో నింపి ఇవ్వండి. ఆయన ఆధార్, ఆరోగ్య కార్డు ఏది ఉంటే అది, పాత రిపోర్టులు ఒక ఫైలులో పెట్టి ఆవిడకు ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వం 2024లో 70 ఏళ్ళు నిండినవారికి ఆసుపత్రి వైద్యం కోసం ఆయుష్మాన్ వయ వందన కార్డు తెచ్చింది, ఆయన తీసుకుని ఉంటే అది కూడా పెట్టండి. మీరు కొండల మీద ఉండగా సిగ్నలు అందకపోతే ఆసుపత్రిలో నిర్ణయం ఎవరు తీసుకోవాలన్నది అన్నాచెల్లెళ్ళు ముందే మాట్లాడుకోవాలి. ఆ మాట ఎత్తడానికి మొహమాటపడతారు, ఎత్తకపోతే ఆ రోజున ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తారు.

ఆయనకు ప్రయాణం సంగతి దాచవద్దు. చెప్పినా మరిచిపోతారు గదా అని చాలామంది చెప్పరు. ఏం చెప్పారో మరిచిపోవచ్చు, తనకు తెలియకుండా ఏదో జరుగుతోందన్న దిగులు మాత్రం మిగులుతుంది. రోజూ ఒకే వేళకు, వీలైతే పొద్దున్నే, మీ అత్తగారి చేత ఫోనులో మాట్లాడించండి. సాయంత్రం మాట్లాడిస్తే రాత్రంతా ఆమెను వెతుక్కుంటారు.


మల్లెపందిరి:

ఇంత వివరంగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఓరుగల్లు వాకిలి గారి జవాబును మా ఆడపడుచుకు చదివి వినిపించాను. వచ్చే ఆదివారమే మామగారిని తీసుకురమ్మని, అన్నయ్యను కూడా నాలుగు రోజులు ఉండమని ఆవిడే అన్నది. ఎత్తులో గడియ ఈ రోజే వడ్రంగి చేత పెట్టిస్తున్నారు. ఇన్సులిన్ డబ్బా పక్కింటి పిన్నిగారి ఫ్రిజ్‌లోకి వెళ్తుంది, మా ఫ్రిజ్ ఆపేస్తాము.

మిగిలిన సందేహం ఒక్కటే. తాళంచెవి కూడా పిన్నిగారికే ఇస్తున్నాము. ఆవిడ రెండు మూడు రోజులకు ఒకసారి వచ్చి మొక్కలకు నీళ్ళు పోస్తానన్నారు, కానీ కరెంటు బోర్డు అంటే ఆవిడకు భయం. మేము లేనప్పుడు ఆ ఆర్‌సీసీబీ పడిపోయి కెమెరాలు ఆగిపోతే ఆవిడ చేత ఎత్తించవచ్చా?


ఫ్యూజు క్యారియర్:

ఎత్తించవచ్చు, ఒక్కసారి మాత్రమే. వెళ్ళే ముందు ఒక సాయంత్రం ఆవిడను పిలిచి, మీ ముందే ఆ స్విచ్ మీద ఉన్న టెస్టు బటను నొక్కి పడేలా చేసి, ఆవిడ చేత్తోనే ఎత్తించండి, భయం పోతుంది. ఆ బటను నొక్కినా స్విచ్ పడకపోతే అది పాడైనట్లే, ప్రయాణానికి ముందే మార్పించుకోండి. మీరు ఊళ్ళో లేనప్పుడు పడితే, చేతులూ కాళ్ళూ తడి లేకుండా, కాళ్ళకు రబ్బరు చెప్పులు వేసుకుని ఒకసారి ఎత్తమనండి. నిలిస్తే మంచిదే. వెంటనే మళ్ళీ పడిపోయిందంటే ఎక్కడో నిజంగానే లీకు ఉన్నట్లు, రెండోసారి ప్రయత్నించకుండా వదిలేసి మీకు ఫోను చేయాలి. అప్పుడు ఆవిడ ఇన్వర్టరు వెనుక ఉన్న స్విచ్‌ను కూడా ఆపాలి, లేకపోతే బ్యాటరీ ఖాళీ అవుతుంది. ఆ స్విచ్ ఎక్కడుందో అదే సాయంత్రం చూపించండి, దాని పక్కన ఎర్ర టేపు ముక్క అంటించండి. మీకు అలవాటైన ఎలక్ట్రీషియన్ నంబరు ఆవిడ దగ్గర ఉండాలి, అతనికి కూడా ఆవిడ ఫోను చేస్తే వెళ్ళమని ముందే చెప్పి ఉంచండి.